చిన్న ఆపిల్ పొద

మీ ఊరి చివర ఒక గుట్టో, రాతి దిబ్బో, సేద్యానికి పనికిరాని బీడో ఉండే ఉంటుంది. దాని మీద నాలుగు పొదలు కూడా ఉంటాయి. వాటి పక్క నుండి మీరు ఎన్నోసార్లు నడిచి వెళ్లి ఉంటారు. ఆ పొదల పేర్లేమిటని ఎవరైనా అడిగితే చెప్పగలరా? ఒక్క నిమిషం ఆలోచించండి.

నేను చెప్పలేకపోయేవాణ్ణి. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను. అయినా ‘పిచ్చిమొక్కలు’, ‘ముళ్లకంప’ అనే రెండు మాటలతో వాటన్నిటికీ నామకరణం చేసేశాను. ఆ రెండు మాటల వల్ల ఎంత నష్టం జరుగుతుందో నాకు తెలిసింది మన ఊళ్లో కాదు. సముద్రాల అవతల, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో తెలిసింది. తెలియజేసింది నేలను కరుచుకుని పెరిగే ఒక చిన్న పొద. ఆ పొద కథ, దానితో ముడిపడిన నా కథ ఇప్పుడు మీకు చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడు ఆ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో నేను, నా భార్య వారి దగ్గర ఆరు నెలలు ఉండి రావటానికి వెళ్లాము. సెలవు రోజుల్లో నన్ను నడకకు తీసుకువెళ్లే బాధ్యత మా మనవరాలు తీసుకున్నది. దానికి పదకొండేళ్లు. గోల్డెన్ గేట్ వంతెనకు దక్షిణపు కొసన ప్రెసిడియో అనే పెద్ద ఉద్యానవనం ఉంది. మేము అక్కడికి వెళ్లేవాళ్లం. ఒలోనీ ప్రజలు వేల ఏళ్లు తిరిగిన నేల అది. 1776లో స్పెయిన్ వారు అక్కడ సైనిక స్థావరం కట్టారు. తరువాత అది మెక్సికో చేతికి, ఆ పైన అమెరికా సైన్యం చేతికి వచ్చింది. 1994లో సైన్యం ఖాళీ చేశాక ప్రజలు తిరిగే ఉద్యానవనమయింది.

మొదటి రోజు ఆ తోటలో అడుగు పెట్టగానే నా ముక్కుకు బాగా తెలిసిన వాసన తగిలింది. తల ఎత్తి చూశాను. యూకలిప్టస్ చెట్లు! మన జామాయిల్ చెట్లకు దగ్గరి చుట్టాలు. పరాయి దేశంలో సొంత ఊరివాడు కనిపించినట్టు సంతోషం వేసింది. “ఇలాంటి చెట్లు మీ తాత ఎన్ని నాటించాడో తెలుసా? మన ఊరి గుట్ట మీద పన్నెండు వందలు!” అని మనవరాలితో గొప్పగా చెప్పాను.

అది కొంచెంసేపు ఆలోచించి, “తాతా, ఇవి ఇక్కడి చెట్లు కావు. సైన్యం వాళ్లు తెచ్చి నాటారట. మరి మీ గుట్ట మీద అంతకుముందు ఏముండేది?” అని అడిగింది.

“ఏముంటుంది? ముళ్లకంప” అన్నాను. ఆ ప్రశ్నను అక్కడితో వదిలేశాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మనవరాలు చెప్పింది నిజమే. 1880ల నుండి అక్కడి సైన్యం వారు, ఆ ఇసుక తిన్నెలు, రాతి గుట్టలు బోసిగా ఉన్నాయని భావించి, యూకలిప్టస్, సైప్రస్, పైన్ చెట్లను వేల సంఖ్యలో నాటారు. యూకలిప్టస్ ఆస్ట్రేలియా చెట్టు. అయితే ఆ నేల నిజంగా బోసిగా ఉన్నదా? లేదు. అక్కడ పొట్టి గడ్డి, రకరకాల పూలమొక్కలు, నేలబారు పొదలు ఉండేవి. పెద్ద చెట్లను మాత్రమే చెట్లుగా లెక్కించే కంటికి అవి ఆనలేదు. ఆ పొదల్లో ఒకటి మాంజనీటా.

మాంజనీటా స్పానిష్ మాట. చిన్న ఆపిల్ అని దాని అర్థం. శనగగింజంత ఉండే దాని కాయలు అచ్చం బుల్లి ఆపిల్ పండ్లలా ఉంటాయి గనుక ఆ పేరు వచ్చింది. కాలిఫోర్నియా ప్రాంతపు ఆదివాసులు ఈ కాయలను తినేవారు, దంచి పానీయం చేసుకునేవారు. మన హిమాలయాల్లోను, నీలగిరుల్లోను ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్టు, ఈ పొద ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. కాలిఫోర్నియాలో మాంజనీటా జాతులు పదుల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని మనిషిని మించి ఎదుగుతాయి. కొన్ని నేల మీద చాపలాగా పరుచుకుంటాయి. మనం చెప్పుకునే ఫ్రాన్సిస్కన్ మాంజనీటా రెండవ రకానిది. పెద్ద వయసు వచ్చినా మూడడుగులు మించదు.

ఇంత చిన్న మొక్కకు ఆ నగరంలోనే ఎందుకు ఉండవలసి వచ్చింది? దానికి కారణం అక్కడి రాయి. శాన్ ఫ్రాన్సిస్కో కొండల్లో కొన్నిచోట్ల సర్పెంటైన్ అనే రాయి బయటపడి ఉంటుంది. ఆకుపచ్చగా, నున్నగా, పాము చర్మంలా మెరుస్తుంది. పేరులోనే సర్పం ఉంది చూడండి. మా కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వి తీసిన రాతినార కూడా ఈ జాతి రాతిలోదే. ఈ రాయి అరిగి ఏర్పడిన మట్టిలో మొక్కకు కావలసిన కాల్షియం తక్కువ. మెగ్నీషియం మరీ ఎక్కువ. పైగా నికెల్, క్రోమియం వంటి లోహాలు ఉంటాయి. ఎక్కువ మొక్కలకు అది విషంతో సమానం. మట్టి పొర పలచన, నీరు నిలవదు. వాన చలికాలంలోనే పడుతుంది. ఎండాకాలంలో పసిఫిక్ మహాసముద్రం మీద నుండి చల్లటి గాలి, దట్టమైన పొగమంచు వస్తాయి.

ఇలాంటిచోట ఏ మొక్క బతుకుతుంది? బతకటం నేర్చుకున్న మొక్క బతుకుతుంది. ఈ పొద గాలికి ఎదురు నిలవదు, నేలకు ఒదిగి పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరివి. తడిని తొందరగా పోనీయవు. కొమ్మ నేలను తాకినచోట కొత్త వేళ్లు దిగుతాయి. వేళ్లతో కలిసి కాపురం చేసే సన్నని బూజులు మట్టిలోని పోషకాలను మొక్కకు అందిస్తాయి. మొక్క తాను తయారుచేసుకున్న చక్కెరను వాటికి ఇస్తుంది. పువ్వులు చిన్న కుండలను బోర్లించినట్టు ఉంటాయి. చలి తగ్గకముందే, జనవరి నుండే పూస్తాయి. ఇంకే పువ్వూ సరిగా పూయని ఆ రోజుల్లో తుమ్మెదలకు అదే అన్నం. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని రెక్కల కండరాలు అదిలిస్తే పుప్పొడి రాలుతుంది. మనకు బీడు నేలగా కనిపించినచోట ఇన్ని ఇచ్చిపుచ్చుకోవటాలు జరుగుతుంటాయి. మరో మొక్క పోటీకి రాలేని చోటే దానికి పుట్టిల్లయింది. అందుకే మంచి మట్టి ఉన్న మరో ఊరు దానికి సొంత ఊరు కాలేదు.

ఈ పొదకు శాస్త్రీయమైన పేరు పెట్టినది ఆలిస్ ఈస్ట్‌వుడ్ అనే ఆమె. ఆమెను గూర్చి మీకు తప్పక చెప్పాలి. ఆమె 1859లో కెనడాలో పుట్టింది. ఆరేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకుంది. కష్టాలతో సాగిన చదువు 1879లో, ఇరవయ్యో ఏట, హైస్కూలుతో ముగిసింది. కాలేజీ గడప తొక్కలేదు. చదివిన బడిలోనే పదేళ్లు పాఠాలు చెబుతూ, సెలవుల్లో కొండలెక్కి మొక్కలు సేకరిస్తూ, పుస్తకాలు ముందు పెట్టుకుని వృక్షశాస్త్రాన్ని తనకు తానే నేర్చుకుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా సైన్సు అకాడమీలో వృక్షశాస్త్ర విభాగానికి అధిపతి అయింది. ఈ పొద వేరే జాతిదని గుర్తించి, 1905లో దానికి ఫ్రాన్సిస్కానా అని ఆ నగరం పేరే పెట్టింది.

మరుసటి సంవత్సరం, 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చింది. వెంటనే మంటలు లేచాయి. అకాడమీ భవనంలో మెట్లు కూలిపోయాయి. ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు ఆరో అంతస్తులో ఉన్నాయి. ఈస్ట్‌వుడ్ మెట్ల పక్క ఇనుప కటకటాలు పట్టుకుని పైకి ఎక్కింది. అతి ముఖ్యమైన నమూనాలను ఆమె ముందే వేరుచేసి పెట్టుకుంది. సుమారు పదిహేను వందల నమూనాలను మూటలుగా కట్టి కిందికి దించింది. మిగిలినవన్నీ కాలిపోయాయి. ఏది ఎక్కడ ఉన్నదో తెలిసినవారే ఆపద వచ్చినప్పుడు దేన్నయినా కాపాడగలరని ఈ సంఘటన చదివాక నాకనిపించింది.

ఇక పొద సంగతికి వద్దాం. నగరం పెరుగుతున్నకొద్దీ రాతి గుట్టలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చిత్రమేమిటంటే, ఈ పొదకు కొంతకాలం శ్మశానాలు ఆశ్రయమిచ్చాయి. లారెల్ హిల్ శ్మశానంలో సమాధుల నడుమ, దున్నని, చదును చెయ్యని రాతి నేల మీద అది బతికింది. కాని నగరంలో స్థలాల ధర పెరిగింది. 1901 నుండి నగరంలో కొత్తగా శవాలను పూడ్చటం మానిపించారు. తరువాత పాత సమాధులను కూడా తవ్వి నగరం బయటికి తరలించారు. 1947లో లారెల్ హిల్‌ను యంత్రాలతో చదును చేశారు. అది మనకు స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం.

యంత్రాలు నడుస్తున్న రోజుల్లో జేమ్స్ రూఫ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మరికొందరు మొక్కల ప్రేమికులు పరుగున వెళ్లి, దొరికిన పొదలను వేళ్లతో తవ్వి తెచ్చుకున్నారు. వాటిని తోటల్లో నాటారు. దాంతో ఆ జాతి తోటల్లో మిగిలింది. సహజంగా పెరిగే నేల మీద మాత్రం ఇక లేదని పుస్తకాలకెక్కింది.

అరవై రెండేళ్లు గడిచాయి. గోల్డెన్ గేట్ వంతెనకు వెళ్లే పాత రహదారి పేరు డోయల్ డ్రైవ్. దానిని తీసివేసి కొత్త రోడ్డు వేయటానికి పక్కనున్న చెట్లూ తుప్పలూ నరికారు. 2009 అక్టోబరులో డేనియల్ గ్లూసెన్‌క్యాంప్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక సమావేశం నుండి ఇంటికి తిరిగి వెళుతూ ఆ దారిన కారులో పోతున్నాడు. రెండు రోడ్ల మధ్య మిగిలిన చిన్న ముక్క నేల మీద ఒక పొద ఆయన కంటపడింది. వేలాది వాహనాలు రోజూ దాని పక్క నుండే పోతున్నాయి. అందరూ చూశారు, ఒక్కడు గుర్తుపట్టాడు. తక్కిన శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షించి, అది ఫ్రాన్సిస్కన్ మాంజనీటాయే అని నిర్ధారించారు. పైన కప్పేసిన చెట్లనూ తుప్పలనూ నరికేదాకా ఆ పొద అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. పొద ఉన్నది సరిగ్గా కొత్త రోడ్డు పడే చోట. అక్కడే ఉంచితే యంత్రాల పాలవుతుంది. తీస్తే చచ్చిపోవచ్చు. చివరికి తీయటానికే నిశ్చయించారు. ముందుగా కొమ్మలు తీసుకుని తోటల్లో అంట్లు కట్టారు. 2010 జనవరిలో, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా, టన్నుల బరువున్న మట్టిగడ్డతో సహా పొదను క్రేనుతో లేపి, ప్రెసిడియోలోనే మరొకచోట నాటారు. ఎవరూ తొక్కకుండా, దొంగిలించకుండా ఆ చోటు రహస్యంగా ఉంచారు. అది బతికింది. 2012లో ప్రభుత్వం దానిని అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది.

ఈ కథంతా ఒక రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి చెప్పింది. అల్లుడు నవ్వి, “మామయ్యా, ఆ ఒక్క పొదకు మొత్తం రెండు లక్షల డాలర్లకు పైగా ఖర్చయిందట. అవే మొక్కలు తోటల్లో ఉండనే ఉన్నాయి కదా? ఇంత అవసరమా?” అన్నాడు. నేను అతని పక్షమే వహించాను. “ఆ డబ్బుతో ఎన్ని బళ్లు కట్టవచ్చు!” అన్నాను. మీరైతే ఏమంటారు? నా మాటలో న్యాయం లేకపోలేదు. మీరు కూడా అదే అనుకుంటే తప్పుగా భావించను.

మా అమ్మాయి వాదించలేదు. ఆ ఆదివారం మమ్మల్నందరినీ బర్క్‌లీ కొండల్లోని టిల్డెన్ పార్కుకు తీసుకువెళ్లింది. జేమ్స్ రూఫ్ పెంచిన తోట అక్కడ ఉంది. లారెల్ హిల్ నుండి తెచ్చిన మొక్కల సంతతిని అక్కడ చూశాను. మార్చి నెల కావటంతో పూత ఇంకా ఉంది. తెలుపులో కాస్త గులాబి కలిసిన బుల్లి కుండలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కొమ్మల బెరడు ఎర్రగా, నున్నగా, తాకితే చల్లగా ఉంది. పక్కన పేరు రాసిన పలక ఉంది. నీళ్లకు లోటు లేదు, కాపలాకు లోటు లేదు.

నేను వంగి చూస్తుంటే మా అమ్మాయి అడిగింది: “నాన్నా, మీకు ఇక్కడ ఏం లోటుంది? వేళకు అన్నం, వెచ్చటి గది, నడవటానికి తోట. మరి రోజూ ఊరి సంగతే ఎందుకు తలుచుకుంటారు?”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అది చెప్పదలచుకున్నది నాకు అర్థమయింది. తోటలోని మొక్క ప్రాణంతో ఉంది. కాని దాని పుట్టిల్లు లేదు. ఆ ఆకుపచ్చ రాయి లేదు, ఆ సముద్రపు గాలి లేదు. తోటమాలి ఒక్క తరం ఏమరిస్తే దాని కథ ముగుస్తుంది. తనంతట తాను గింజ పడి, మొలిచి, కరువుకూ గాలికీ ఎదురొడ్డి, తరాల మీద తరాలు మారుతూ బతికే అవకాశం దానికి సొంత నేల మీదనే ఉంటుంది. అందుకే ఆ దొరికిన పొద కొమ్మల నుండి, తోటల్లో మిగిలిన పాత మొక్కల నుండి పిల్లమొక్కలు పెంచి తిరిగి ప్రెసిడియో రాతి నేలల్లో నాటుతున్నారు. దానికి దగ్గరి బంధువైన రేవన్ మాంజనీటా అనే మరో నేలబారు పొద ఉంది. 1950ల మొదట్లో పీటర్ రేవన్ అనే బడిపిల్లవాడు ప్రెసిడియోలో దానిని గుర్తించాడు. తరువాత అతడు ప్రపంచ ప్రసిద్ధి పొందిన వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. ఆ జాతిలో సహజంగా మిగిలినది ఆ ఒక్క మొక్కే. జత లేని మొక్కకు గింజ కట్టటం కష్టం. ఒక్కటి మిగలటానికీ, ఒక జాతి మిగలటానికీ ఎంత తేడా ఉన్నదో చూడండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనవరాలు అడిగిన ప్రశ్న తిరిగి వచ్చింది: గుట్ట మీద అంతకుముందు ఏముండేది?

ఇప్పుడు నా సంగతి చెబుతాను. 1983లో నేను కడప జిల్లాలోని మా సొంత ఊరి బడిలో పనిచేస్తున్నాను. కొత్త ఉత్సాహం, ఊరికి ఏదో మేలు చేయాలన్న తపన. జామాయిల్ మొక్కలు ఉచితంగా ఇస్తున్నారని తెలిసింది. ఊరి వెనక గుట్ట ఖాళీగా పడి ఉన్నదని నేనే ముందుకు వచ్చాను. నాలుగు శనివారాలు ఆరు, ఏడు తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని, కొడవళ్లతో, గొడ్డళ్లతో గుట్ట మీది పొదలన్నీ కొట్టించాను. పిల్లల చేతులు ముళ్లకు గీరుకుని రక్తాలు కారాయి. కొట్టిన కంప కుప్ప వేసి కాల్చాము. పన్నెండు వందల జామాయిల్ మొక్కలు నాటాము. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. దానిని అద్దం కట్టించి గోడకు తగిలించాను.

ఆ సాయంత్రం మా అమ్మ ఒక్క మాట అన్నది. “కలివి చెట్లన్నీ కొట్టేసినారంటనే? ఇంక పండ్లు యాడ తెచ్చేదిరా?” ఎండాకాలం వస్తే గుట్ట మీద నుండి నల్లటి కలివి పండ్లు కొంగు నిండా తెచ్చి మాకు పెట్టేది ఆమె. నేను నవ్వి, “కలివి పండ్లు తింటే కడుపు నిండుతుందా అమ్మా?” అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడేళ్ల తరువాత, 1986లో మా జిల్లా పేరు పత్రికల్లో మారుమోగింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న కలివికోడి అనే పక్షి లంకమల అడవుల దగ్గర మళ్లీ కనిపించింది. ఆ పక్షి బతికేది పెద్ద అడవిలో కాదు. కలివి వంటి ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉన్న చోటనే బతుకుతుంది. పేరులోనే కలివి ఉంది. నేను దానిని తరగతిలో చెప్పాను. ప్రశ్నగా అడిగాను, జవాబు వల్లె వేయించాను. పిల్లలకు మార్కులు కూడా వేశాను. కాని బడి కిటికీలో నుండి కనిపించే గుట్టకూ, ఆ జవాబుకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు. మా గుట్ట మీద ఆ పక్షి ఉండేదని నేననటం లేదు. ఏమేం ఉండేవో చూడకుండానే, ఏమీ లేదని తీర్మానించాను. నా తప్పు అది.

మనసు కుదుటపడక ఆగస్టులో ఊరికి తిరిగి రాగానే గుట్ట ఎక్కాను. నేను నాటించిన జామాయిల్‌ను వాసాలకోసం ఎన్నోసార్లు కొట్టారు. మొదళ్ల నుండి మళ్లీ చిగిర్చినవి సన్నగా నిలబడి ఉన్నాయి. కింద ఎండుటాకులు తప్ప గడ్డిపరక లేదు. ఒక మనిషి మేకలు తోలుకుంటూ వచ్చి, “బాగుండారా సార్?” అన్నాడు. పోల్చుకోవటానికి కొంచెంసేపు పట్టింది. నా దగ్గర ఏడో తరగతి చదివి, ఇంటి పరిస్థితి బాగాలేక ఆ ఏడే బడి మానేసిన పిల్లవాడు. ఇప్పుడు నెరిసిన మీసాలు.

“ఈ గుట్ట మీద కలివి చెట్లు ఎక్కడైనా మిగిలినాయా?” అని అడిగాను.

అతడు నా ముఖంలోకి చూసి నవ్వాడు. “మీరే గదా సార్ మాతో కొట్టిచ్చింది” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇంకా గట్టిగా తగిలింది.

తరువాత “రాండి” అని గుట్ట వెనక్కు తీసుకుపోయాడు. అక్కడ బండల నడుమ గునపం దిగదు. అప్పట్లో గుంటలు తీయటం చేతకాక వదిలేసిన చోటు అది. ఆ బండల సందుల్లో ఏడు కలివి పొదలు ఉన్నాయి. పండ్ల కాలం దాటిపోయింది. వాటి పక్కనే ఇంకా ఎన్నో ఉన్నాయి. అతడు ఒక్కొక్కదానినీ చూపిస్తూ పేరు చెప్పాడు: బలుసు, జాన, పరికి, ఉలింద, బందారు, రేగు. ఏ ఆకు మేక ఎప్పుడు తింటుందో, ఏ కాయ ఏ నెలలో పండుతుందో చెప్పాడు. నేను చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. అతడు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. నలభై ఏళ్ల తరువాత పాఠం తారుమారయింది.

రోడ్డు పక్కన పొదను గుర్తించిన శాస్త్రజ్ఞుడు నాకు జ్ఞాపకం వచ్చాడు. ఆయనకు చదువు వల్ల వచ్చిన చూపు ఇతనికి మేకల వెంట తిరగటం వల్ల వచ్చింది. బడి మానేసినవాడికి ఏమీ తెలియదని ఎవరైనా అంటే నేను ఇక ఒప్పుకోను. అయితే ఒక తేడా ఉంది. శాస్త్రజ్ఞుడు చూసింది కాగితానికెక్కింది, ఆ పొదకు చట్టం అండగా నిలిచింది. ఇతనికి తెలిసింది ఇతనితోనే ఉండిపోయింది. మా అమ్మకు తెలిసింది మా అమ్మతోనే పోయింది.

2025 వేసవిలో ఆ ఏడు పొదలూ కాశాయి. మేమిద్దరం వెళ్లి నాలుగేసి పండ్లు తిన్నాము. తక్కిన వాటి గింజలు ఇంటికి తేలేదు. అక్కడే, వాటి సొంత రాళ్ల సందుల్లో వేశాము. ఎన్ని మొలుస్తాయో వానలు చెప్పాలి. గోడ మీది ప్రశంసాపత్రాన్ని తీసివేయలేదు. దాని కింద నోటుపుస్తకం పెట్టుకున్నాను.

ఈ పాఠం చదవటం పూర్తయ్యాక మీరు ఒక పని చేయండి. మీ ఊరి గుట్ట దగ్గరకో, చెరువుకట్ట దగ్గరకో, రైలుపట్టాల పక్కనున్న ఖాళీ జాగా దగ్గరకో వెళ్లండి. ఏ చిన్న పొదనయినా ఒకదానిని ఎంచుకోండి. దాని ఆకు ఎలా ఉంది, పువ్వు ఏ నెలలో పూస్తుంది, దాని మీద ఏ పురుగు వాలుతుంది, అది ఎలాంటి మట్టిలో పెరుగుతున్నది, గమనించి రాయండి. పేరు తెలియకపోతే మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. వారికీ తెలియకపోతే మేకలు కాసేవారిని అడగండి. చెప్పినవారి పేరు కూడా పక్కన రాయండి. అడగటం రేపటికి వాయిదా వేయకండి. మా అమ్మను నేను అడగలేదు.